లింగభేదమును తెలుపు మాటలు: అవి మారిన తీరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్లును పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్నవి. 1911లో ఆ జిల్లా ఏర్పడినపుడు మదనపల్లె కడప జిల్లానుండియు, పుంగనూరు, కుప్పము ప్రాంతములు ఉత్తర ఆర్కాటు జిల్లానుండియు వచ్చి చేరినవి. మదనపల్లె, పుంగనూరులకు పడమట కన్నడదేశము చేరువ. కుప్పమునకు ఒక వైపున కన్నడము, వేరొక వైపున తమిళము. సంతలో తెలుగున మొదలైన బేరము కన్నడములోనో, తమిళములోనో ముగియుట ఇచ్చట వింత కాదు. ఒకే వస్తువునకు మూడు భాషలలో గల పేర్లను పక్కపక్కన పెట్టి చూచుటకు ఇంతకంటె అనువైన తావు అరుదు.

ఇట్లు పోల్చి చూడదగిన మాటలలో లింగభేదమును తెలుపునవి ముఖ్యమైనవి. పుట్టినపుడు మగబిడ్డయని వ్రాయబడి, పెరిగినకొలది తాను స్త్రీనని తెలిసికొనిన వ్యక్తిని ఏమని పిలువవలెను? ఆడపిల్లయని పెంచబడి తాను పురుషుడనని ఎరిగిన వ్యక్తిని ఏమనవలెను? పురుషునిపై మనసుగల పురుషుని, స్త్రీపై మనసుగల స్త్రీని తెలుపు మాట యేది? తెలుగున చిరకాలముగ వాడుకలోనున్న మాటలలో పెక్కు తిట్లే. తన్ను గూర్చి చెప్పుకొనుటకు తిట్టు తప్ప వేరు మాట దొరకని వ్యక్తి వైద్యునికడ నోరు విప్పడు, బడిలో ఉపాధ్యాయునికి చెప్పడు, పోలీసు ఠాణాలో ఫిర్యాదు వ్రాయింపడు. కావున ఇది నిఘంటువునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఆరోగ్యమునకు, న్యాయమునకు, చదువునకు సంబంధించినది.

లింగము అను మాట

సంస్కృతమున లింగమనగా గుర్తు. పొగ నిప్పునకు లింగమని తార్కికులు చెప్పుదురు. పొగను చూచి నిప్పున్నదని ఊహించుట అందరికిని తెలిసినదే. ఈ అర్థమునుండియే దేహమునందలి స్త్రీపురుష చిహ్నములకును, వ్యాకరణమునందలి విభాగమునకును ఆ పేరు వచ్చినది. దేహమునకును, మాటకును గల ఈ సంబంధమును మహాభాష్యకర్తయైన పతంజలి పరీక్షించెను. దేహచిహ్నములను బట్టియే పదమునకు లింగము కలుగునన్నచో, ప్రాణములేని వస్తువులను తెలుపు పదములకు లింగ మెట్లు వచ్చినది? సంస్కృతమున మంచమునకు 'ఖట్వా' అను స్త్రీలింగ పదము కలదు. మంచమునందు స్త్రీచిహ్న మేమున్నది? రెండువేల ఏండ్లకు పూర్వమే జరిగిన ఈ చర్చవలన ఒక సంగతి తేటపడుచున్నది: మాటకు గల లింగము వేరు, మనిషికి గల దేహము వేరు.

ఆంగ్లమునందును ఇట్టి కథయే కలదు. 'జెండర్' అనునది లాటిన్ భాషలో 'జాతి, రకము' అను అర్థముగల పదమునుండి పుట్టి, శతాబ్దముల తరబడి ముఖ్యముగ వ్యాకరణమునందే వాడబడినది. 1955లో జాన్ మనీ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు సంఘములో స్త్రీగనో పురుషుడుగనో మెలగు తీరును తెలుపుటకు ఆ మాటను శాస్త్రమున ప్రవేశపెట్టెను. నాటినుండి దేహమును తెలుపుటకు 'సెక్స్' అనియు, సాంఘిక స్థితిని తెలుపుటకు 'జెండర్' అనియు వేర్వేరుగ వాడుట క్రమముగ స్థిరపడినది. తెలుగున ఈ రెంటికిని లింగమను మాట యొక్కటే చాలకాలము చెల్లినది. ఇప్పటి రచనలలో దేహమునకు 'లింగము' అనియు, సాంఘిక స్థితికి 'జెండర్' అనియు, 'లింగత్వము' అనియు వ్రాయుట కనిపించుచున్నది.

అన్యభాషాపదమని 'జెండర్' అను మాటను తోసివేయనక్కరలేదు. టమాటా మార్కెట్టునకు మదనపల్లె పేరుగాంచినది. ఆ పంట పేరు మెక్సికో ప్రాంతపు నాహువాటల్ భాషలోని 'టొమాటల్' అను పదమునుండి స్పానిషు, ఆంగ్లములమీదుగ తెలుగునకు వచ్చినది. దానిని పండించు రైతునకు గాని, వండు ఇల్లాలికి గాని అది పరాయి మాట కాదు. అవసరము గట్టిదైనపుడు మాట ఎక్కడినుండి వచ్చినను నాలుకకు అలవడును.

ఒకే మాటలో నాలుగు విషయములు

పాత తెలుగు మాటలలోని పెద్ద చిక్కు అగౌరవ మొక్కటే కాదు, అస్పష్టత కూడ. 'నపుంసకుడు' అను ఒక్క మాటతో నాలుగు వేర్వేరు విషయములను కలగలిపి చెప్పుచు వచ్చిరి. శాస్త్రదృష్టితో వానిని విడదీయవలసియున్నది.

మొదటిది దేహము. సాధారణముగ స్త్రీ దేహకణములలో రెండు ఎక్స్ క్రోమోసోములును, పురుషుని కణములలో ఒక ఎక్స్, ఒక వై క్రోమోసోమును ఉండును. కొందరి విషయమున ఈ ఏర్పాటు గాని, హార్మోనుల పని గాని వేరుగ ఉండును. ఉదాహరణకు, ఎక్స్, వై క్రోమోసోములుండియు కణములు పురుష హార్మోనులకు స్పందింపనిచో, దేహము బయటికి స్త్రీదేహమువలెనే పెరుగును. ఇట్టి పుట్టుక గలవారిని ఇప్పుడు 'ఇంటర్‌సెక్స్' వ్యక్తులని, తెలుగున 'అంతర్లింగ' వ్యక్తులని వ్యవహరించుచున్నారు. పూర్వము వైద్యగ్రంథములు వీరిని 'ఉభయలింగులు' అనెడివి. ఆ మాట వానపామునకు తగును. దానిలో రెండు విధములైన బీజకోశములును పనిచేయును. మనిషి విషయమున అది సరిపడదు. 2006లో ప్రచురితమైన అంతర్జాతీయ వైద్యుల ఏకాభిప్రాయ పత్రము ఆ పాత మాటలను విడిచిపెట్టవలెనని సూచించెను.

రెండవది గుర్తింపు. తాను స్త్రీయా, పురుషుడా, ఆ రెంటిలో దేనికిని ఇమడని వ్యక్తియా అని ఎవరికి వారు లోలోపల ఎరిగియుండు స్థితి ఇది. పుట్టినపుడు ఇతరులు వ్రాసిన లింగముతో ఈ ఎరుక పొసగనివారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందురు. వీరిలో పెక్కురి దేహనిర్మాణమున పుట్టుకతో వచ్చిన భేద మేదియు ఉండదు.

మూడవది ఆకర్షణ. మనసు ఎవరిపై పోవును అనునది ఇందలి ప్రశ్న. తాను ఎవరు అనునది వేరు, తన మనసు ఎవరిపై పోవును అనునది వేరు. పురుషుని ప్రేమించు పురుషుడు తన్ను స్త్రీయని తలచుకొనుట లేదు. ఈ రెంటిని ఒకటిగ భావించుట మిక్కిలి వ్యాప్తిలోనున్న పొరపాటు.

నాలుగవది వేషము. తిరుపతి గంగమ్మ జాతరలో పురుషులు స్త్రీవేషము వేసికొని మ్రొక్కు తీర్చుకొందురు. గంగమ్మ జాతర కుప్పములోను, సుగుటూరు గంగమ్మ పేర పుంగనూరులోను జరుగుచున్నది గనుక ఈ ప్రాంతమువారికి ఆ దేవత పరిచితయే. మ్రొక్కు తీరిన మరునాడు చీర విప్పి పొలమునకు పోవు రైతునకు అది భక్తిరూపము. నాటకమున సత్యభామ పాత్ర ధరించు నటునకు అది కళ. ప్రతిదినమును స్త్రీగ జీవించు ట్రాన్స్ స్త్రీకి చీర వేషము కాదు. పైకి ఒకటే కనిపించుచున్నను ఈ మూటికిని అర్థము వేరు.

ఈ నాలుగింటిని ఒకే మాటలో ముంచినచో వైద్యుడు తప్పుడు ప్రశ్న అడుగును, చట్టము తప్పుడు వారిని చేరును, తలిదండ్రులు లేని రోగమునకు మందు వెదకుదురు.

క్రియాపదము చెప్పు సంగతి

మూడు భాషల కూడలిలో ఇంకొక విశేషమును గమనింపవచ్చును. పుంగనూరు పొట్టి ఆవులకు ప్రసిద్ధి. ఆ ఊరి వీధిలో ఆవు వచ్చినను, అక్క వచ్చినను తెలుగువాడు 'వచ్చింది' అనియే పలుకును. అన్న వచ్చినచో 'వచ్చాడు' అనును. కుప్పములో తమిళము మాట్లాడువాడు ఆవునకు 'వందదు' అనియు, అక్కకు 'వందాళ్' అనియు, అన్నకు 'వందాన్' అనియు మూడు రూపములు వాడును. కన్నడమునను 'బందితు, బందళు, బందను' అని మూడు రూపము లున్నవి.

తెలుగు వ్యాకరణకర్తలు దీనిని మహత్తు, అమహత్తు అను విభాగముతో వివరించిరి. చిన్నయసూరి బాలవ్యాకరణములోను ఈ విభాగము కలదు. పురుషవాచకములు మహత్తులు, తక్కినవి ఏకవచనమున అమహత్తులతో చేరును. బహువచనమున మాత్రము స్త్రీలును పురుషులతో కలిసి 'వచ్చారు' అను రూపమును పొందుదురు. తెలుగువారు స్త్రీని వస్తువుగ చూచుటచే ఈ రూపము వచ్చినదనుట తొందరపాటు; మూడు రూపములు గల భాషల సంఘములలో స్త్రీకి ఎక్కువ గౌరవము దక్కినదని చరిత్ర చెప్పుట లేదు. వ్యాకరణరూపము ఒకటి, గౌరవము వేరొకటి. 'ఆమె వచ్చింది', 'అది వచ్చింది' అను రెండు వాక్యములలో క్రియ ఒకటే. కాని ఒక హిజ్రాను చూచి 'అది వచ్చింది' అనువాని మనసు ఆ సర్వనామములోనే బయటపడుచున్నది.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. స్త్రీపురుష విభాగములో ఇమడనివారిని తెలుపు మాటలకు ఏ ప్రత్యయము చేర్చవలెనను విషయమును అతి ప్రాచీన తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియము చర్చించినది. వారికి ప్రత్యేకమైన ప్రత్యయము లేదు; మనుష్యులకు చేర్చు ప్రత్యయములే వారికిని చేర్చవలెనని దాని నిర్ణయము. అనగా వ్యాకరణము వారిని పశువులతోను, వస్తువులతోను చేర్చక, మనుష్యులతోనే చేర్చినది.

తెలుగునకు ఈ విషయమున సహజముగ అబ్బిన సౌకర్య మొకటి కలదు. 'వారు', 'తాను', 'బిడ్డ', 'మనిషి' అను మాటలు స్త్రీపురుష భేదమును తెలుపవు. 'వారు వచ్చారు' అన్నచో భేదము తెలియదు, గౌరవము మాత్రము తెలియును. ఆంగ్లమున ఒక వ్యక్తిని బహువచన సర్వనామముతో చెప్పుటను గూర్చి పెద్ద వాదము నడచినది; ఆ సర్వనామమునే 2019లో ఒక ప్రసిద్ధ అమెరికను నిఘంటుసంస్థ ఆ సంవత్సరపు పదముగ ఎన్నుకొనెను. తెలుగు పల్లెలో పెద్దలను పిలుచుటకు అనాదిగ ఆ పద్ధతియే కలదు. వ్యక్తి ఏ విధముగ పిలువబడ కోరునో తెలియనపుడు 'వారు' అనుట తెలుగువానికి క్రొత్తగ నేర్వవలసిన విద్య కాదు.

గౌరవవాచకము తిట్టుగ మారుట

మాట ఎట్లు దిగజారునో తెలిసికొనుటకు 'కొజ్జా' అను మాట మంచి ఉదాహరణము. పారసీకమున 'ఖ్వాజా' అనగా దొర, పెద్దమనిషి. అంతఃపురముల రక్షణకు నియమితులైన నపుంసకులకు ముసల్మాను ప్రభువుల కొలువులలో 'ఖ్వాజాసరా' అను గౌరవనామము ఉండెడిది. వారిలో కొందరు సేనానులుగను, ధనాగారపు అధికారులుగను పలుకుబడి సంపాదించిరి. ఆ ఖ్వాజాయే ఉత్తరదేశపు భాషలలో 'ఖోజా' అయి, తెలుగున 'కొజ్జా' అయినది. కొలువులు పోయినవి, పదవులు పోయినవి. మాటలోని గౌరవము జారి దేహమునందలి లోపమను అర్థము మాత్రమే మిగిలినది. నేడు దానిని తిట్టుగ కాక వేరు విధముగ వినువారు లేరు.

'పేడి' అను మాట కథయు ఇట్టిదే. ఇది తెలుగు, తమిళ, కన్నడములు మూటికిని చెందిన పాత మాట. విరాటుని కొలువులో ఉత్తరకు నాట్యము నేర్పిన బృహన్నల కథను ఎరిగిన తెలుగువారికి అది పరిచితము. ఆ కథలోని పేడి నాట్యాచార్య, అవసరము వచ్చినపుడు రథము నడపిన వ్యక్తి. వాడుకలో మాత్రము ఆ మాట క్రమముగ పిరికితనమును, చేతకానితనమును తెలుపునదిగ మారినది.

సంస్కృతమున 'తృతీయా ప్రకృతి' అను మాట కామసూత్రములోను, అమరకోశములోను కలదు. ఇది మూడవ స్వభావమని చెప్పుచున్నదే కాని, లోపమని చెప్పుట లేదు. దానితోపాటు నిఘంటువులలో కనిపించు క్లీబ, షండ, నపుంసక శబ్దములు లోపమును తెలుపునవి. తెలుగువాడుకలో మొదటిది మరుగునపడి, తక్కినవి నిలిచినవి. ఏ మాట నిలుచునో, ఏది పోవునో నిర్ణయించినది నిఘంటుకర్త కాదు, సంఘపు చూపు.

'హిజ్రా' అను మాట ఉర్దూనుండి వచ్చినది. ఇది మిగిలినవానివలె కేవలము ఇతరులు పెట్టిన పేరు కాదు. గురువు, చేలా అను కట్టుబాటుతో, తమలో తాము బంధుత్వములు కలుపుకొని జీవించు ఒక సముదాయము తన్నుతాను చెప్పుకొను పేరు. కావున ప్రతి ట్రాన్స్ స్త్రీయు హిజ్రా కాదు. ఆ సముదాయములో చేరినవారే హిజ్రాలు.

చట్టము పెట్టిన పేర్లు

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను 'ప్రకృతివిరుద్ధము' అను భావముగల మాటలతో ఒక నేరమును నిర్వచించినది. అందు మనిషి లేడు, మనసు లేదు. చేష్ట మాత్రమే కలదు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టము నపుంసకులను పట్టికలో నమోదు చేయుటకు వేరుగ ఒక భాగమునే కేటాయించినది. అదే తీరున నైజాము రాజ్యమున 1329 ఫసలీ, అనగా 1919లో, నపుంసకుల చట్టము వచ్చినది. మదనపల్లె ప్రాంతము మద్రాసు రాజధానిలోనిది గనుక నైజాము చట్టము ఇచ్చట చెల్లలేదు. కాని తెలుగుమాట్లాడు జిల్లాలు పెక్కింట అది చెల్లినది. రాజ్యము పోయినను చట్టము గ్రంథములలో నిలిచియుండెను. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. మాట చట్టములో చేరినచో నూరేండ్లు బ్రతుకునని దీనివలన తెలియుచున్నది.

377వ సెక్షను విషయమున న్యాయస్థానముల తీర్పులు పలుమార్లు మారినవి. 2009లో ఢిల్లీ హైకోర్టు అంగీకారముతో కూడిన వయోజనుల సంబంధమును నేరమునుండి తప్పించెను; 2013 డిసెంబరులో సుప్రీము కోర్టు ఆ తీర్పును రద్దు చేసెను; 2018 సెప్టెంబరు 6వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము మరల తప్పించెను. 2024 జులై 1వ తేదీనుండి శిక్షాస్మృతి స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ సెక్షను లేదు.

వైద్యము పెట్టిన పేర్లు

'హోమోసెక్షువల్' అను మాట వైద్యుడు కల్పించినది కాదు. కార్ల్ మరియా కెర్ట్‌బెనీ అను హంగేరీ రచయిత 1868లో ఒక లేఖలోను, 1869లో శిక్షాచట్టమును ఖండించుచు అచ్చువేసిన కరపత్రములలోను దానిని వాడెను. అనగా అది ఆ జనుల పక్షమున పుట్టిన మాట. పిమ్మట వైద్యులు దానిని స్వీకరించి రోగమునకు పేరుగ మార్చిరి. అమెరికా మానసిక వైద్యుల సంఘము 1973లో దానిని వ్యాధుల పట్టికనుండి తొలగించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17వ తేదీన ఆ పని చేసెను. ఇది వ్యాధి కాదని భారత మానసిక వైద్యుల సంఘము 2018లో ప్రకటించెను.

లింగగుర్తింపు విషయమునను ఇట్టి మార్పే జరిగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వ్యాధివర్గీకరణములో ఆ విషయమును మానసిక వ్యాధుల అధ్యాయమునుండి తీసి, లైంగిక ఆరోగ్యమను అధ్యాయమున చేర్చెను. ఆ వర్గీకరణము 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పూర్తిగ తీసివేయకుండుటకు కారణము కలదు: హార్మోనులు గాని, శస్త్రచికిత్స గాని కోరువారికి ఆస్పత్రి పుస్తకములలో ఏదో ఒక పేరు ఉండవలెను గదా!

తెలుగున ఈ విషయమునకు వాడుకలోనికి వచ్చిన అనువాదము 'స్వలింగ సంపర్కము'. పత్రికలు దీనిని విరివిగ వాడినవి. సంపర్కమనగా కలయిక, చేష్ట. పదునారేండ్ల బాలునకు తోటి బాలునిపై మనసు కలిగినది, చేష్ట యేదియు జరుగలేదు. అతనికి ఈ మాట యెట్లు తగును? స్త్రీ పురుషుని ప్రేమించినపుడు 'భిన్నలింగ సంపర్కురాలు' అని ఎవరును అనరు. ప్రేమ, తోడు, సంసారము అను అర్థము లన్నియు ఒక వర్గమునకు మిగిల్చి, రెండవ వర్గమునకు పడక ఒక్కటే మిగిల్చిన మాట ఇది. ఈ కారణముననే ఇటీవలి రచనలు 'స్వలింగ ఆకర్షణ', 'స్వలింగ ప్రేమికులు' అను మాటలవైపు మొగ్గుచున్నవి. 'లైంగిక అభిరుచి' అనుటకంటె 'లైంగిక ధోరణి' మేలు. అభిరుచి యన్నచో చింతపులుసు, చారులలో ఒకదానిని ఎంచుకొన్నట్లు తోచును.

హెచ్.ఐ.వి. నివారణ కార్యక్రమములు ఇంకొక పదజాలమును తెచ్చినవి. పురుషులతో సంబంధముగల పురుషులను 'ఎమ్.ఎస్.ఎమ్.' అను మూడక్షరములతో వ్యవహరించిరి. చేష్టను బట్టి వ్యాధి వ్యాపించును గనుక వైద్యునకు అది ఉపయుక్తమే. కాని తన్ను గూర్చి ఎవడును 'ఎమ్.ఎస్.ఎమ్.'నని తలచుకొనడు. ఉత్తరదేశపు వాడుకనుండి అదే కార్యక్రమములలో చేరిన 'కోథీ' అను మాట తెలుగుచెవికి చెట్టుమీది కోతివలె వినబడును. ఒక భాషలో సరియైన మాట వేరొక భాషలో హేళన కావచ్చుననుటకు ఇది నిదర్శనము.

దరఖాస్తులోని గడి

మాట మార్పును కొలుచుటకు దరఖాస్తు మంచి సాధనము. 2005లో పాస్‌పోర్టు దరఖాస్తున స్త్రీ, పురుషుడు కాక మూడవ గడిగ 'ఇ' అను ఆంగ్లాక్షరము చేరినది. నపుంసకుడను ఆంగ్లపదమునకు అది మొదటి అక్షరము. 2009లో ఎన్నికల సంఘము వోటర్ల పట్టికలో 'ఇతరులు' అను గడిని చేర్చినది. 2011 జనాభా లెక్కలలోను స్త్రీపురుషులు కాక మూడవ గుర్తు ఒకటి ఉండెను. ఆ లెక్క ప్రకారము దేశమున 4,87,803 మందియు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మందియు ఆ గడిలో చేరిరి. చెప్పుకొనుటకు జంకినవారు ఇందు చేరియుండరు గనుక దీనిని పూర్తి సంఖ్యగ భావింపరాదు.

2014 ఏప్రిల్ 15వ తేదీన సుప్రీము కోర్టు న్యాయమూర్తులు రాధాకృష్ణన్, సిక్రీ ఇచ్చిన తీర్పు ఈ చరిత్రలో మలుపు. తాను స్త్రీయని గాని, పురుషుడని గాని, తృతీయలింగమని గాని నిర్ణయించుకొను హక్కు ఆ వ్యక్తిదే అని ఆ తీర్పు చెప్పినది. 2019లో పార్లమెంటు చేసిన చట్టము 'ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు' అను పేరుతో 2020 జనవరి 10వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నపుంసకుడు, ఇతరులు, తృతీయలింగము, ట్రాన్స్‌జెండర్ వ్యక్తి: పదునైదేండ్లలో ఒక గడికి నాలుగు పేర్లు మారినవి. మొదటిది లోపమును చెప్పినది, రెండవది 'మావారు కారు' అన్నది, మూడవది వరుస సంఖ్య ఇచ్చినది. నాలుగవదానిలోనే 'వ్యక్తి' అను మాట చేరినది.

ఈ గడి కాగితముతో ముగియదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2017 డిసెంబరులో వీరికి నెలకు 1,500 రూపాయల పింఛను నిర్ణయించినది. 2024 జులైనుండి అది 4,000 రూపాయలైనది. గడిలో తనకు తగిన పేరున్నవారే ఆ వరుసలో నిలువగలరు. పేరు తిట్టైనచో, పింఛను కొరకు పదిమంది యెదుట ఆ తిట్టునకు తానే పలుకవలసివచ్చును.

సరిహద్దునకు అవతల

కుప్పమునుండి కొలది దూరములోనే ఈ పేర్లు మారిపోవును. తమిళమున మొదట 'అరవాణి' అను మాట వ్యాపించినది. భారతకథలో అరవానుడు అర్జునుని కుమారుడు. బలియగుటకు ముందు అతనిని మోహినీరూపమున కృష్ణుడు పెండ్లాడెనని తమిళదేశపు కథ. కూవాగమున ఏటేట జరుగు ఉత్సవము దీనికి మూలము. పురాణబంధము లేని మాట కావలెనని పలువురు కోరగా 'తిరునంగై' అను పేరు నిలిచినది. 'తిరు' అనగా శ్రీ, 'నంగై' అనగా స్త్రీ. పురుషునిగ గుర్తించుకొనువారికి 'తిరునంబి'. తమిళనాడు ప్రభుత్వము 2008లో వీరికి సంక్షేమ మండలిని స్థాపించెను. 2022 ఆగస్టులో, మద్రాసు హైకోర్టు విచారణ ఫలితముగ, ఈ విషయములకు సంబంధించిన తమిళ పదావళిని ప్రభుత్వమే ప్రకటించినది. కర్ణాటకమున 'మంగళముఖి' అను పేరు వాడుకలో కలదు. అచ్చట 2021లో ప్రభుత్వోద్యోగములలో 1 శాతము స్థానములు వీరికి కేటాయింపబడినవి.

తెలుగున ఈ పని ఎక్కువగ సాహిత్యముద్వారా జరిగినది. తమిళనాట పుట్టి బెంగళూరులో సామాజిక సేవ చేసిన ఎ. రేవతి ఆత్మకథ 2010లో ఆంగ్లమున వెలువడెను. పి. సత్యవతి దానిని 'ఒక హిజ్రా ఆత్మకథ' అను పేర తెలుగు చేసిరి. ఆ అనువాదమునకు 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించెను. ఇతరులు వీరిని గూర్చి చెప్పిన మాటలకు బదులు, ఒకరు తన్ను గూర్చి తాను చెప్పుకొనిన మాటలు అట్లు తెలుగుపాఠకులకు అందినవి.

పదకల్పనకు ఈ సీమలోనే వనరు లున్నవి. ద్రావిడభాషల తులనాత్మక అధ్యయనమునకై 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము కుప్పములోనే కలదు. పొరుగుభాషలు ఇప్పటికే పరీక్షించి నిలుపుకొనిన మాటలను పోల్చి చూచుట తెలుగునకు మేలు చేయును.

క్రొత్త మాటయు పాతబడును

మాట మార్చినంతమాత్రమున చూపు మారునా అని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న సరియైనదే. ఒక మాట తిట్టైనదని క్రొత్తదానిని తెచ్చినచో, పాత చూపు దానిని కూడ పట్టుకొని కొంతకాలమునకు తిట్టు చేయును. 'ట్రాన్స్‌జెండర్' అను మాటను వెక్కిరింతగ పలుకువారు ఇప్పటికే కనిపించుచున్నారు.

దీనికి సమాధానము మదనపల్లె చరిత్రలోనే దొరకును. ఆ ఊరి సమీపమున 20వ శతాబ్ది తొలి దశకములలో క్షయరోగులకు చికిత్సాలయము వెలసినది. ఆ తావునకు 'ఆరోగ్యవరము' అను పేరు పెట్టిరి. క్షయ అనగా క్షీణించుట. ఆ పేరే రోగిని భయపెట్టెడిది. ఆరోగ్యవరమను పేరు ఆశ కలిగించినది, రోగి గడప దాటి వచ్చుటకు తోడ్పడినది. కాని వెలి పోయినది పేరువలన మాత్రమే కాదు. 1943లో కనుగొనబడిన స్ట్రెప్టోమైసిన్ మొదలుగ మందులు వచ్చినవి. రోగిని దూరముగ ఉంచనక్కరలేకయే ఇంటివద్ద చికిత్స చేయవచ్చునని మద్రాసు కీమోథెరపీ కేంద్రపు పరిశోధన 1959లో నిరూపించినది. పేరు తలుపు తెరచినది. మందు లోపలికి నడిపించినది. ఇందు ఒకటి లేక రెండవది చాలదు.

లింగగుర్తింపు, ఆకర్షణ వ్యాధులు కావు గనుక వీనికి కావలసినది మందు కాదు. బడిలో చేరిక, ఇంటిలో చోటు, పనిలో కూలి, ఆస్పత్రిలో మర్యాద: ఇవియే ఇచ్చట మందు స్థానమున నిలుచునవి. ఇవి లేనిచో ఎంత మంచి మాటయైనను నాలుగేండ్లలో మాసిపోవును. ఇవి ఉన్నచో పాత మాట కూడ కొన్నిచోట్ల తేరుకొనును. 'హిజ్రా' అను మాటను ఆ సముదాయము తలయెత్తి చెప్పుకొనుట దీనికి సాక్ష్యము.

మాటను ఎంచుకొను పద్ధతి

పై చరిత్రనుబట్టి ఏ మాట తగినదో తెలిసికొనుటకు మూడు పరీక్షలు ఏర్పడుచున్నవి.

ఒకటి: ఆ మాట ఒకే విషయమును తెలుపుచున్నదా? దేహము, గుర్తింపు, ఆకర్షణ, వేషము అను నాలుగింటిని కలగలుపు మాట శాస్త్రమునకు పనికిరాదు.

రెండు: ఆ మాట ఉన్నదానిని చెప్పుచున్నదా, లేనిదానిని చెప్పుచున్నదా? 'ట్రాన్స్ స్త్రీ' అనునది ఉన్నదానిని చెప్పును. 'నపుంసకుడు' అనునది లేనిదానిని చెప్పును.

మూడు: ఆ వ్యక్తి తన్ను గూర్చి ఆ మాటను వాడుకొనునా? తెలియనిచో అడుగవచ్చును. అడుగుటకు వీలులేనిచో పేరు పెట్టి, 'వారు' అని గౌరవముగ చెప్పవచ్చును. అక్కా, అమ్మా, అన్నా, అయ్యా అని వరుస కలిపి పిలుచుట ఈ సీమలో ముక్కుమొగము తెలియనివారితోను కలదు. ఎదుటివారు కోరిన వరుసతో పిలుచుట అంతకంటె కష్టమైన పని కాదు.

ఖ్వాజా కొజ్జా యగుటకు కొన్ని శతాబ్దములు పట్టినది. దరఖాస్తులోని 'ఇ' అక్షరము 'వ్యక్తి'గ మారుటకు పదునైదేండ్లు పట్టినది. ఇప్పటి మాటలును కొన్నాళ్లకు మారవచ్చును. అది భాషకు సహజము. ఇచ్చట వ్రాసిన ఏ పదమునైనను చివరి మాటగ తలపనక్కరలేదు. మదనపల్లె ఆస్పత్రిలో ఓ.పి. చీటీ వ్రాయు గుమాస్తా, పుంగనూరు బడిలో హాజరు పిలుచు పంతులు, కుప్పము స్టేషనులో టిక్కెట్టు అడుగు ఉద్యోగి: రేపటి నిఘంటువును వ్రాయువారు వీరే. వీరి నోట ఏ మాట మర్యాదగ పలుకబడునో అదియే తెలుగున నిలుచును.